రగ్బీ స్తంభానికి కట్టిన నిమ్మకాయ

బుడేన్ సాహెబ్ అన్నకు నమస్కారం. నా రాత కోడి కెలికినట్టుంటాది, తప్పులుంటే సర్దుకొని చదువు. ఫోన్లో నాకు మాట రాదు.

ఈ అరబ్బు దేశంలో, రిగ్గై అనే పేటలో నేను నీళ్ళు పట్టే ఫుట్‌బాల్ గ్రౌండును శుక్రవారాలు రగ్బీ వాళ్ళకు కూడా ఇచ్చినారు. వాళ్ళ బంతి కోడిగుడ్డు మాదిరి ఉంటాది. వాళ్ళు గడ్డి పెంచమంటారు, ఫుట్‌బాల్ వాళ్ళు కొయ్యమంటారు. ఇద్దరికీ పడదు. మొన్న రగ్బీ వాళ్ళు పొడుగు స్తంభాలు నాటినారు. కొత్తవి గదా, ఎవరికీ దెబ్బ తగలకూడదని దిష్టికి నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి కట్టినా. అది చూసి రగ్బీ వాళ్ళు ఎగిరినారు. చేతబడంట, ఫుట్‌బాల్ వాళ్ళే నాతో చేయించినారంట! ఫుట్‌బాల్ కెప్టెనేమో నవ్వి, "శభాష్ చాచా, ఇంకోటి కట్టు" అన్నాడు. దాంతో గొడవ ముదిరింది.

"నువ్వెవరి మనిషివి? శుక్రవారంలోగా చెప్పు, లేదంటే ఖలాస్, ఊరికి పో" అన్నాడు గ్రౌండు మేనేజరు. ఎవరి మనిషినో నాకే తెలీదన్నా.

నీకు అరబ్బీ వచ్చు. దిష్టి సంగతి నువ్వొచ్చి ఆయనకు చెప్పాల. అందాకా దాన్ని విప్పితే తప్పు ఒప్పుకున్నట్టు, ఉంచితే పని పోతాది. విప్పినాక ఎవరిదన్నా కాలు విరిగితే అదీ నా మీదికే వస్తాది. ఏం చెయ్యాల్నో తొందరగా జవాబు రాయన్నా.