సంచిని మూడుసార్లు తిప్పాను

మంగళవారం

పలక అని పేరు పెట్టుకున్న మా నల్లపిల్లిని గోనెసంచిలో కట్టి త్రిపురాంతకం బస్టాండు వెనక వదిలేసింది నేనే. ఆ రోజు పలకల ఫ్యాక్టరీకి పోతుంటే అది ఎదురొచ్చింది. సాయంత్రానికి మేస్త్రీ నన్ను పనిలోంచి తీసేశాడు. వాణ్ణి ఒక్క మాట అనలేక పిల్లి మీద పడ్డాను. తిరిగొచ్చే దారి తెలియకూడదని సంచిని మూడుసార్లు తిప్పాను కూడా. లోపల అది అరవనైనా లేదు. ఆడిస్తున్నాననుకుందేమో.

ఇవాళ కూడా అమ్మ పెరుగన్నం కలిపి గుమ్మంలో నిలబడి పిలిచింది. "అది పోయే ముందురోజు చీపురుతో కొట్టినా గదరా, అలిగి పోయినట్టుంది" అని నాతోనే అన్నది.

"పిల్లులంతేలేమ్మా, యాడికన్నా పోతాయి" అన్నాను. నా నోట్లో పురుగులు పడ!

ఒరేయ్, రేపు తొలి బస్సెక్కి దాన్ని వెతుకు. దొరికినా దొరక్కపోయినా ఆదివారం లోపల అమ్మకు నిజం చెప్పు. చెబుతావా, చెప్పవా? ఈ డైరీలో ఇక్కడే రాయి.