సోమవారం ఎద్దులకు సెలవు

చౌటుప్పల్ హాస్టల్

శ్రీశైలం మామకు,

మేనకోడలు హరిత నమస్కరించి రాయునది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను, అన్నంలో రాళ్లు కూడా బాగానే ఉన్నాయి. నువ్వు, అత్త, మీ అసలు ఎద్దులు క్షేమమని తలుస్తాను. ఈ పుస్తకాల భాష చూసి నవ్వకు. ఇంటికి రాసే ఉత్తరాలు శుద్ధంగా ఉండాలని మా వార్డెన్ యాదలక్ష్మి మేడం ఆర్డర్. ఇక్కడ ఫోన్లు బందు. ఆదివారం చేసుకునే ఒక్క ఫోనూ బాపుకే పోతుంది.

అందుకే నా ఫోన్ నీ చేతిలో పెట్టి వచ్చాను. అందులో "మా పల్లె నా కోట" అనే ఆట ఉంది. మామా, నేను ఆడని ఆట లేదు. కార్ల ఆటలో ఎంత తోలినా టైరు పంక్చర్ కాదు, అది నాకు నచ్చదు. తుపాకుల ఆటలో మన ఊరి పిల్లలు రోజంతా చచ్చి మళ్లీ లేస్తారు, ఇంట్లో బిందెడు నీళ్లు తెమ్మంటే మాత్రం లేవరు. మిఠాయిలు పేల్చే ఆట అమ్మ ఆడుతుంది, దాన్ని నేను ఆటల్లో కలపను. టీవీ సీరియల్ కన్నా ఒక మెట్టు మేలు, అంతే. నా పల్లె ఒక్కటే అసలైన ఆట.

ఇప్పుడు దాంట్లో పెద్ద పోటీ నడుస్తోంది. మొదటి స్థానం వచ్చిన ఊరి యజమానిని హైదరాబాద్‌లో ఆ ఆట తయారు చేసేవాళ్లు దసరా సెలవులకు పిలిపించుకుని పని నేర్పుతారు. మామా, నాకు డాక్టర్ కావాలని లేదు. ఆటలు తయారు చేయాలని ఉంది. బాపు ఏమన్నాడో నీకు తెలుసు కదా. "గా ఆటోళ్లు నిన్ను పిలిస్తే నేను అడ్డం రాను. పిలువకపోతే నోరు మూసుకొని డాక్టర్ చదువు చదవాలె" అన్నాడు. నా బతుకంతా ఇప్పుడు నీ చేతిలో ఉంది.

పొద్దున, సాయంత్రం నీళ్లు పెట్టు. పండింది పండినట్టు కోసి అమ్ము. వజ్రాలు ముట్టకు, అవి కోట గోడకు దాచినవి. పక్క ఊళ్ల మీద దండెత్తి ధాన్యం ఎత్తుకురా, పాయింట్లు దాంట్లోనే ఉన్నాయి. రాక్షసరాజు అని ఒకడున్నాడు. వాడికి నా ఊరంటే పడదు, జాగ్రత్త.

నీ కోడలు,
హరిత

తా.క. ఉత్తరాలన్నీ మేడం తెరిచి చదివి, ముద్ర వేశాకే పోతాయి, వస్తాయి. మేడం చాలా మంచిది. ఇది కూడా చదువుతుంది.

*

ఆలేరు కాడ మన ఊరు

బంగారమసొంటి కోడలు హరితకు,

మామ దీవెనలు. మేమంత మంచిగున్నం. మిరుగు కార్తె వచ్చింది గని వాన జాడ లేదు. నీ ఫోన్ల బాయి మాత్రం నిండుగున్నది.

బిడ్డా, నీ ఎవుసం చూస్తే నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు. టమాట ఏసి, చాయ తాగి వచ్చేవరకు పండింది! పురుగు లేదు, మందు లేదు, మోటరు కాలదు. సినిమాల హీరో ఒక్క పాటల దున్ని, నాటేసి, కోసి, మళ్ల హీరోయిన్‌ను ఎత్తుకొని తిరుగుతడు సూడు, గదే తీరు. గీ ఆట చేసినోడు నాగలి ముట్టనోడని నేను బల్లగుద్ది చెప్త.

ఇంకొక ముచ్చట. సోమవారం ఎద్దులకు కాడి కట్టరాదు. మా నాయిన కట్టలే, నేను కట్టలే. ఫోన్ల ఉన్నయని కడుతనా? అందుకే సోమవారం నీ ఎద్దులను పండబెట్టిన. ఎద్దులే పండుకుంటే కావలోడు మాత్రం ఎందుకు నిలబడాలె పాపం? వానికీ సెలవిచ్చిన. గేటు దగ్గరికేసిన.

దండెత్తుడు నాతోని కాదు. పక్కూరోళ్ల వడ్లు ఎత్తుకొస్తే రేపు పొలం ఒడ్డు మీద ఎదురైతే మొఖమెట్ల చూపిస్త? గా రాక్షసరాజుతోని మాట్లాడొచ్చట, నోటితోని చెప్తే అదే రాసుకుంటాంది. "ఎవరి పిలగానివి బిడ్డా? అన్నం తిన్నవా?" అని అడిగిన. ఇంకా జవాబు రాలే. పని మీద ఉన్నడేమో.

ఇట్లు మామ,
శ్రీశైలం

తా.క. నీ ఊర్ల కోటున్నది, బురుజున్నది, దవాఖాన మాత్రం లేదు. గీ సంగతి మీ బాపుకు చెప్పకు.

*

చౌటుప్పల్ హాస్టల్

మామకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నాకు చెమటలు పట్టాయి. అది బొమ్మ ఎద్దు మామా! దానికి నడుము నొయ్యదు. సోమవారం గేటుకు కావలి లేడని రాక్షసరాజుకు తెలిస్తే మన కొంప మునిగినట్టే. వాణ్ని అన్నం తిన్నావా అని అడగడమేమిటి? దొంగను గట్లడుగుతరా ఎవరన్న? (తప్పయింది మేడం.)

సెలవు మాననంటే నువ్వు మానవు, నీ సంగతి నాకు తెలుసు. కనీసం ధాన్యమంతా కోళ్ల గూడు వెనక కొట్టులోకి మార్చు. అక్కడ ఉంటుందని బ్రహ్మదేవుడికి కూడా తట్టదు. ఎవరితోనూ అనకు. వజ్రాలు భద్రం.

హరిత

తా.క. అత్తకు ఆ కోళ్లను చూపించకు. చూస్తే ఊరుకోదు.

*

ఆలేరు కాడ మన ఊరు

కోడలు హరితకు దీవెనలు.

నువ్వు కోపానికి రానంటే ఒక మాట చెప్త. సోమవారం రాక్షసరాజు వచ్చిండు. ఇల్లరికం అల్లుడు అటుక మీది బెల్లం కాడికి పోయినట్టు సక్కగ కోళ్ల గూడు ఎనుకకే పోయిండు. అటు చూడలే, ఇటు చూడలే. కొట్టు ఊడ్చుకొని పోయిండు. నాకైతే వాని తెలివికి ముచ్చటేసింది.

తర్వాత ఏరువాక పున్నమొచ్చింది. మన కొట్టంల ఎద్దులకు కడిగి, కొమ్ములకు రంగేసి, భక్ష్యాలు పెట్టినం. నీ ఎద్దుల మొఖం చూస్తే పానం ఒప్పలే. ఉత్త మెడలతోని నిలబడ్డయి. ఆట దుకాణంల గంటలు, గజ్జెలు, కొమ్ములకు కుచ్చులు అమ్ముతున్నరు, వజ్రాలకే ఇస్తరట. కొన్న. ఉన్నయన్నీ అయినయి. గని గవి నడుస్తాంటే గల్లుగల్లుమని ఎంత మంచిగున్నదో, మీ అత్త దిష్టి కూడా తీసింది.

ఇంకొకటి. రాక్షసరాజు ఊరు చూసొద్దామని పోయిన. పల్లిచేను ఎండుతాంది బిడ్డా! మన ట్యాంకిల నీళ్లు కొన్నే ఉన్నయి. దొంగోడైతేంది, చేనేం పాపం చేసింది? నీళ్లు వానికే పెట్టిన. మన టమాట కొంచెం వాడింది.

మామ,
శ్రీశైలం

తా.క. "గిసొంటి పేరు పెట్టుకుంటే నీకు పిల్లనెవరిస్తరు?" అని వాణ్ని అడిగిన. ఈసారి జవాబొచ్చింది. "పెండ్లయింది" అన్నడు. మనసు నిమ్మళమైంది.

*

చౌటుప్పల్ హాస్టల్

మామా,

నమస్కారం గిమస్కారం ఏం లేదు. గంటలా? నా గోడకు దాచినయన్నీ పెట్టి గంటలు కొన్నవా? పోటీ అయిపోవస్తాంది మామా. ఇగ గెలుస్తమా మనం?

కోళ్ల గూడు ముచ్చట నీకు, నాకు తప్ప ఇంకెవరికెరుక? నేనైతే ఎవరికీ చెప్పలే. వానితోని పెండ్లి ముచ్చట్లు పెట్టిన నువ్వే నోరు జారినవ్. పైనుంచి వాని చేనుకు నీళ్లు పెడుతవా? నన్ను ముంచినోని మీద గంత ప్రేమ ఉంటే వాణ్నే కోడలనుకో!

వచ్చే నెల మొదటి ఆదివారం బాపు వస్తుండు. డాక్టర్ కోచింగ్ కాయితాలు తెస్తుండట. ఇగ దసరాకు కప్పలు కోసుకుంట కూసుంట.

హరిత

తా.క. మేడం, ఈసారి భాష దిద్దకండి. ఏడుస్తూ రాశాను.

*

ఆలేరు కాడ మన ఊరు

బిడ్డా హరితా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. నాకు బువ్వ పోలేదు. యాదగిరి నర్సన్న మీద ఒట్టు, కోళ్ల గూడు ముచ్చట నేను ఎవ్వలికీ చెప్పలే. మీ అత్తకు కూడా చెప్పలే, ఆమెకు చెప్తే కోళ్లే ఉండకపోవు.

పోటీ అయిపోయింది. మన ఊరు అందరికన్న కిందికొచ్చింది. మన కింద ఇంకెవరన్న ఉన్నరేమోనని వేలితోని జరిపి జరిపి చూసిన, ఎవ్వరు లేరు. తప్పు నాదే తల్లీ. నీకు ఆటంటే ఎంత పానమో నాకు తెల్వలే. ఎవుసం అనంగనే నా తీరుగ నేను చేసుకుంట పోయిన. బావతోని నేను మాట్లాడుత. వినకుంటే ఆయన వాకిట్ల కూసుంట.

పోటీ అయినంక ఫోన్ల "మా ఆట మీద మీ అభిప్రాయం చెప్పండి" అని వచ్చింది. అడిగినంక చెప్పకుంటే మర్యాద కాదని ఉన్నదున్నట్టు చెప్పిన. ఎద్దులకు సోమవారం లేని ఊరు ఊరేంది? ఒగని చేనుకు నీళ్లు పెడితే పాయింట్లు రావు, ఒగని కొట్టు దోస్తే వస్తయి, గిదేం నీతి? మన సినిమాల తీరే ఉన్నది, పదిమందిని తన్నినోడే హీరో, నాటేసినోడు పాటల ఎనుక నిలబడతడు. మీరు ఒక్కసారి ఆలేరొచ్చి మా బురదల దిగండి, ఆట ఎట్ల చెయ్యాల్నో చూపిస్త అన్న. జర గట్టిగనే అన్న.

మామ,
శ్రీశైలం

తా.క. పేరు, అడ్రసు అడిగిండ్రు. ఊరు హరితది, నేను జీతగాణ్ని, ఏమున్నా ఆమెకే రాయిండ్రి అని మీ హాస్టల్ అడ్రసు ఇచ్చిన. తిడుతూ రాస్తే ఏమనుకోకు.

*

చౌటుప్పల్, వార్డెన్ గది

గౌరవనీయులైన శ్రీశైలం గారికి,

యాదలక్ష్మి వ్రాయునది. మీతో ముఖపరిచయం లేకున్నా మీ ఉత్తరాలన్నీ నా చేతుల మీదుగానే నడిచాయి కనుక మీరు నాకు కొత్త కాదు.

హరిత పేరున ఆట కంపెనీ నుండి ఒక ఉత్తరం వచ్చింది. నియమం ప్రకారం తెరిచి చదివాను. "పోటీలో మీ ఊరు అట్టడుగున నిలిచింది. అయినా, తనను దోచినవాడి చేనుకు తన నీళ్లు పెట్టిన ఆటగాడిని మేము ఇంతవరకు చూడలేదు. మీ జీతగాడి అభిప్రాయం ఆఫీసులో అందరం గట్టిగా చదువుకున్నాం. వచ్చే ఆటలో సోమవారం సెలవు పెడుతున్నాం. ఊరి యజమాని హరిత దసరా సెలవుల్లో వచ్చి మాతో కూర్చొని పని నేర్చుకోవాలి. వీలైతే జీతగాడిని కూడా వెంట తీసుకురావాలి" అని ఉంది.

ఆదివారం మీ బావ అమరేందర్ గారు కోచింగ్ కాగితాలతో వచ్చినప్పుడు ఈ ఉత్తరమే చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, "ఆట ఆడినందుకు గూడ పిలుస్తరా మేడం?" అన్నారు. "ఆడినందుకు కాదు, ఆడకుండా ఎద్దులను పండబెట్టినందుకు పిలిచారు" అన్నాను. ఉత్తరం మీది కంపెనీ ముద్రను వేలితో తడిమి చూశారు. తర్వాత, "గాళ్లు పిలిస్తే అడ్డం రానన్న. అన్నంక అన్నట్టే" అని కోచింగ్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. హరిత మెస్సులో ఎగిరిన ఎగురుడుకు సాంబారు బకెట్టు బోర్లా పడింది. దసరా క్లాసుల నుండి ఆమెకు సెలవు ఇచ్చాను.

ఇక కోళ్ల గూడు సంగతి. మీరు ఎవరికీ చెప్పలేదు. హరితా చెప్పలేదు. సోమవారం సంగతి మీరు, కొట్టు సంగతి ఆమె, ఇద్దరూ నాకే రాశారు.

నిరుడు రమ అనే అమ్మాయి ఫోన్ తీసి నా బీరువాలో పెట్టాను. అది ఊరుకుంటేనా? "అయ్యా, చేను ఎండుతాంది, అయ్యా, చేను ఎండుతాంది" అని ఒకటే మొర. మాది అమ్రాబాద్ వైపు పల్లి పండించే ఇల్లు. ఎండే చేను చూస్తూ ఊరుకునే పుట్టుక కాదు మాది. తెరిచి కొన్ని నీళ్లు పెట్టాను. అంతే, ఇరుక్కున్నాను. రమ చదువైపోయి వెళ్తూ ఆ ఊరిని నాకే రాసిచ్చింది, పేరుతో సహా. దోచుకునే అలవాటు నాకు లేదు, మొదట ఎవరో నన్ను దోచారు. తర్వాత మీ సోమవారం సంగతి చదివాను. మనిషినే కదండీ!

ఆ వారం పరీక్ష పేపర్లు దిద్దుతూ చేను మరిచిపోయాను. తీరా చూస్తే నీళ్లున్నాయి, పక్కన మీ ఊరి పేరుంది. శ్రీశైలమన్నా, సచ్చినంత సిగ్గయింది నాకు. మా నాయిన గుర్తొచ్చిండు. ఎత్తుకొచ్చిన ధాన్యం మొత్తం మీ కోళ్ల గూడు ఎనుకనే పెట్టిన, చూసుకోండ్రి.

ఇట్లు,
యాదలక్ష్మి
(రాక్షసరాజు)

తా.క. ఈ సంగతి హరితకు ఉత్తరంలో రాయకండి. రాస్తే మొదట నేనే చదవాలి, చదివాక ఇవ్వబుద్ధి కాదు. మీ కావలివాడికి ఇక సోమవారం నిశ్చింతగా సెలవివ్వండి, నేను గేటు ముట్టను. మంగళవారం మాత్రం మాట ఇవ్వలేను.