నీ ఎర్రోళ్ళు గెలిచారురా

ఒరేయ్ దేవదానం,

నీ ఎర్రోళ్ళు ఇవాళ మొదటిసారి గెలిచారురా. నువ్వు పోయి ఏడాదైందని మీ అక్క మరియమ్మ గుంటూరు నుంచి చీరాల వచ్చింది. మన మట్టిసైనికుల పెట్టె నా మగ్గం పక్కన దించి, "తమ్ముడి వైపు నేనాడతా, కూర్చో" అంది.

మన దేశపోడు మొదటిసారి రోదసిలోకెళ్ళిన ఏడు మనం మొదలెట్టిన ఆట కదా. నేల మీద సుద్దముక్కతో మళ్ళీ గ్రహాలు గీశాను. నా తెల్లోళ్ళు చంద్రుడి మీద పత్తి బేళ్ళలా కదలకుండా కూర్చుని, వచ్చినవాణ్ణి మెల్లగా చుట్టేసే రకం. నీ ఎర్రోళ్ళు అంగారకుడి నుంచి మీదపడే రకం, వెనక్కి తిరగడం తెలీదు. మిర్చి యార్డులో పనిచేసేవాడివి కాబట్టి రూలూ అలాంటిదే పెట్టావు. ఎర్రోడు పక్కకొస్తే తెల్లోడు తుమ్మి ఆగిపోవాలి. శత్రువు "చిరంజీవ" అంటేనే మళ్ళీ కదలాలి.

ఆ రూలు వాడుకోవడం నీవల్లే కాలేదు. నావాడు తుమ్మగానే చిరంజీవ అనేసేవాడివి. "తుమ్మినోణ్ణి అట్టా ఎట్టా వదిలేస్తాంరా?" అనేవాడివి. నేనేమో నా తెలివితో గెలుస్తున్నాననుకునేవాణ్ణి.

మీ అక్క అనలేదు. నా దళమంతా తుమ్మి ఆగిపోయింది. అడిగితే, "యుద్ధంలో దీవెనలేంటి సాంబయ్యా?" అని నవ్వింది. ఇన్నాళ్ళూ నన్ను గెలిపించిందెవరో అప్పుడు తెలిసింది.

బొమ్మలు సర్దేటప్పుడు నీ ఎర్ర నాయకుణ్ణి కాసేపు చేతిలో పట్టుకున్నాను. వాడు తుమ్మలేదు. అయినా అన్నానురా, చిరంజీవ అని.

సాంబయ్య