పెట్రోలు వాష్ చేసిన కోటు

లాండ్రీ యజమాని గారికి,

నేను మీకిచ్చింది గ్రీజు మరక పడ్డ కోటు. మీరు తిప్పి పంపింది పెట్రోలు బంకు! మరక పోయింది, ఒప్పుకుంటాను. కానీ ఆ కంపుకి స్టవ్వు వెలిగించే ధైర్యం చాలక బన్నులతో కడుపు నింపుకుంటున్నాను. ఆదివారం మా ఆఫీసు టైపిస్టు అమ్మాయి వాళ్ల నాన్నగారిని కలవాలి. మా పెళ్లికి ఆయన ఒప్పుకోవాలి. నాకున్నది ఈ ఒక్క కోటే.

ఇట్లు,
ముక్కు మూసుకుని రాస్తున్న గుమాస్తా

తా.క.: పక్కగది ఆయన భయంతో చుట్ట మానేశారు. వాళ్లావిడ మీకు దండాలు చెప్పమంది.

గుమాస్తా గారికి నమస్కారాలు.

పెట్రోలును అంత తేలిగ్గా తీసిపారేయకండి. భూమి అడుగున ముడిచమురుగా ఉన్నదాన్ని శుద్ధి చేస్తే వచ్చే సరుకండీ అది. ఇంజన్లో గాలితో కలిసి, నిప్పురవ్వ తగలగానే మండి, అంత బరువు బండినీ లాగేస్తుంది. అదే నా దగ్గర బుద్ధిగా జిడ్డు కరిగిస్తుంది. దాని ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది కనక బన్నులే క్షేమం. కోటు గాలికి ఆరేయండి. వాసన పోతుంది, నాదీ పూచీ.

మీ మేలు కోరే
లాండ్రీ యజమాని

తా.క.: పూచీ మరకకే. వాసనకి అలవాటు కొద్దీ రాశాను.

యజమాని గారికి,

కొంప ముంచారు! ఆయన నన్ను చూడగానే ముక్కు ఎగబీల్చి, "కారులో వచ్చావా బాబూ?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా, "కారున్నవాడికే పిల్లనిస్తానని పంతం పట్టాను. నెగ్గాను!" అని కౌగలించుకున్నారు. వచ్చే ఆదివారం షికారు తిప్పాలట. కారు ఎక్కణ్ణుంచి తేను? ఆమె లేకుండా నేను బతకలేనండీ.

ఇట్లు,
నిండా మునిగిన గుమాస్తా

తా.క.: లీటరుకి ఎంత దూరం వెళ్తుందని అడిగారు. కంగారులో నా ఛాతీ కొలత చెప్పాను. "పరవాలేదు" అన్నారు.

గుమాస్తా గారికి,

కారు నా దగ్గరా లేదు. ఉన్నది పెట్రోలే. ఒక డబ్బా పంపుతున్నాను. అది చేత్తో పట్టుకెళ్లి, కారు దారిలో ఆగిపోయిందని చెప్పండి.

మీ
లాండ్రీ యజమాని

తా.క.: కాస్త చెమట పట్టేలా పరిగెత్తుకుంటూ వెళ్లండి.

మహానుభావా!

పరిగెత్తాను. తీరా ఆమె ఎదురుగా నిలబడేసరికి అబద్ధం గొంతు దాటలేదు. కారు లేదు, సైకిలైనా లేదు, కోటు ఒక్కటే ఉందని చెప్పేశాను. ఆయన నా మాట వింటేగా! కళ్లన్నీ డబ్బా మీదే. "నిండా ఉందా?" అన్నారు. గబగబా షెడ్డులోకి లాక్కెళ్లి దుప్పటి తీశారు. కింద కారు! అద్దంలా తుడిచి ఉంది.

"పెట్రోలు పోయించలేక నిలబెట్టేశాను బాబూ. కారున్న అల్లుడొస్తే, వాడి ట్యాంకులోంచి గొట్టంతో కాస్త లాక్కుందామనుకున్నా. నువ్వు డబ్బాతోనే వచ్చావు!" అన్నారు.

డబ్బా వొంపాం. కారు ముందు హ్యాండిలు దూర్చి తిప్పీ తిప్పీ నా భుజాలు పడిపోయాయి. ఇంజన్ ఒక్కసారిగా గర్జించింది! వీధంతా బయటికొచ్చింది. పెద్దాయన కళ్ల నీళ్లు పెట్టుకుని, ఆమె చేయి నా చేతిలో పెట్టారు. గెలిచామండీ!

ఇట్లు,
కారున్న మామగారి అల్లుడు

తా.క.: ఊరి చివర పెట్రోలు అయిపోయింది. ఈ ఉత్తరం మీ వైపు వస్తున్న సైకిలాయన చేతికిస్తున్నాను. ఆమె స్టీరింగు పట్టుకుంది, మామా అల్లుళ్లం తోస్తున్నాం. దయచేసి దుకాణం మూయకండి.