టేపు కొస

విజయవాడ,
12-3-1999

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు గారికి,

అయ్యా, మా కాలనీకి వదిలిన పార్కు స్థలం ఎక్కడుందో చూపించమని మూడేళ్ళుగా అర్జీలు పెడుతున్న స్కూలు మాస్టార్ని నేనేనండి. మొన్న మీరు దయతో సర్వేయరు గారిని పంపారు. ఆయన ఒక్కరే వచ్చారని టేపు కొస నేనే పట్టుకున్నాను. ప్లాను ప్రకారం కొలుచుకుంటూ పోతే, నా చేతిలో కొస మా గేటు దాటి వంటింటి గోడకి ఆనింది.

"దొరికిందండీ మాస్టారూ, మీ పార్కు! ఇంతకీ ఈ ఇల్లెవరిది?" అన్నారాయన.

లేఅవుటు వేసినాయన పార్కు స్థలాన్నే ప్లాటు చేసి మాకు అమ్మాడని అప్పుడు తెలిసింది. రిజిస్ట్రేషను కాగితాలున్నాయి గానీ ఆ మనిషి జాడ లేదు. అర్జీ వెనక్కి తీసుకుందామంటే నలభై మంది సంతకాలున్నాయి. మొదటిది నాది, రెండోది మా ఆవిడ దిల్షాద్ బేగంది. కాలనీ పిల్లలు రోజూ వచ్చి, "సార్, ఉయ్యాల ఎప్పుడేస్తారు?" అని నన్ను అడుగుతున్నారు. వేయిస్తానని మాటిచ్చింది నేనే.

మా ఇల్లు మాకు వదిలేయమని అడగడానికి మొహం చెల్లడం లేదు. సోమవారం హద్దురాళ్ళు వేయడానికి వస్తారట. టేపు పట్టుకోవడానికి మాత్రం ఈసారి ఇంకెవరినైనా పంపించండి.

ఇట్లు,
మీ పాత అర్జీదారుడు