అభ్యంతరం లేదు

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం, కుట్టు మిషను కూడా మొరాయించకుండా నడుస్తోంది. అంత ఎత్తున క్రేనులో కూర్చునే మీరే జాగ్రత్తగా ఉన్నారో లేదో అని మా బెంగ. అత్తయ్య మోకాళ్ల నొప్పి తగ్గిందేమో కనుక్కోమన్నారుగా, అడిగాను. "ముందు వాడి నడుము నొప్పి సంగతి చెప్పమను" అన్నారు. చెప్పండి మరి.

రోడ్డు తెరిచారా అని రాశారు. లేదు. మూడు వారాలని బోర్డు పెట్టారు, మూడో నెల నడుస్తోంది. మన వీధి చివర గోడే కనుక ఉన్నది ఒక్కటే దారి. దానికి అడ్డంగా రేకులు పాతేశారు. మనిషి పక్కకు తిరిగి నడిస్తే పట్టేంత సందు వదిలారు. రేకుల వెనక పునాది గొయ్యి. పొద్దున ఎనిమిదింటికి పని మొదలైతే నేల అదురుతుంది, బల్ల మీద నా కత్తెర దానంతటదే జరిగిపోతుంది. బోర్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే ఒకాయన ఎత్తి, "మాది రేకుల వరకేనండీ, గొయ్యి వేరేవాళ్లది" అంటాడు. గొయ్యివాళ్లు రోడ్ల ఆఫీసును అడగమంటారు. ఎవరి మాట నమ్మాలో ఎవరికీ పాలుపోవడం లేదు.

అందరికన్నా ఇబ్బంది మన ఎదురింటి బాబాయిగారికి. వారానికి మూడుసార్లు డయాలసిస్ కదా, ఇదివరకు ఆటో గుమ్మం ముందుకే వచ్చేది. ఇప్పుడు పిన్నిగారు ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని సందు దాకా నడిపిస్తున్నారు. సందులో ఇద్దరు పట్టరు. అక్కడి నుంచి ఆయన ఒక్కరే రేకు పట్టుకుని దాటాలి. మీ సైటు పక్క వీధివాళ్లు ఎలా దాటుతున్నారో, ఎప్పుడైనా కిందికి చూశారా?

వీధివాళ్లమంతా కూడబలుక్కుని మన కొట్లోనే మీటింగు పెట్టుకున్నాం. నా దస్తూరీ బాగుంటుందని అర్జీ నాచేతే రాయించారు, మొదటి సంతకమూ నాచేతే పెట్టించారు. "ఇక నువ్వేనమ్మా మా లీడరువి" అన్నారు మూలింటి లెక్కల మాస్టారు.

మర్నాడు ఆయనా నేనూ రోడ్ల ఆఫీసుకు వెళ్లాం. గుమాస్తా అర్జీ చదివి తెల్లబోయాడు.

"అదేంటండీ! మీ వీధివాళ్లు ఒప్పుకున్నాకే కదా పర్మిషన్ ఇచ్చాం?"

"ఎవడండీ ఒప్పుకున్న ఆ మహానుభావుడు?" మాస్టారు గొంతు పెంచారు.

గుమాస్తా ఫైల్లోంచి ఒక కాగితం తీసి చూశాడు. మా అర్జీ చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. ఫైలు మూసేసి, "పేర్లు చెప్పకూడదు లెండి" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా మాస్టారు ఆ మహానుభావుణ్ణి తిడుతూనే ఉన్నారు. నేను ఊఁ కొడుతూ నడిచాను.

రోడ్డు మూసేముందు వీధివాళ్లనెవరైనా అడిగారా అని పోయిన రెండు ఉత్తరాల్లోనూ రాశారు. రెండుసార్లూ దాటేశాను. అడిగారండీ. నన్నే అడిగారు.

పని మొదలవకముందు సైటు సూపర్‌వైజరు మన కొట్టుకు వచ్చాడు. కూలీలకు నలభై నారింజరంగు జాకెట్లు కుట్టాలన్నాడు. మీరు వేసుకునేలాంటివే. మీకే కుడుతున్నంత సంబరపడ్డాను. వెళ్తూ వెళ్తూ ఒక కాగితం ముందు పెట్టి, "చిన్న సంతకం మేడమ్, ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. పెట్టేశాను. గుమాస్తా చేతిలో ఆ కాగితమే నాకు తలకిందులుగా కనబడింది. 'వీధివాసుల తరఫున అభ్యంతరం లేదు.' కింద నా సంతకం.

అప్పుడు దాన్ని నేను చదివానా, లేదా? ఇదే నాకు తెలియడం లేదు. చదవలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కానీ 'భ'కు ఒత్తు లేకుండా టైపు చేశారని నవ్వుకున్నట్టు లీలగా గుర్తుంది. చదవకపోతే ఆ నవ్వెక్కడిది?

పోయిన సోమవారం బాబాయిగారు ఆ సందులో పడిపోయారు. మోకాలు చీరుకుపోయింది, ఆస్పత్రికి గంట ఆలస్యమైంది. ప్రాణానికేం ఫర్వాలేదన్నారు. ఆ సాయంత్రం ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాను. పిన్నిగారు వంటింట్లో గిన్నెలు తోముతున్నారు.

"పిన్నిగారూ, ఆ సంతకం నాదే" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగలేదు. "తెలుసమ్మా."

"తెలుసా?"

"మీకంటే ముందు నేనే వెళ్లాను ఆఫీసుకి. ఆ గుమాస్తా ఫైలు నా ముందే వదిలేసి టీకి పోయాడు."

"మరి మీటింగులో చెప్పలేదేం?"

"చెబితే అందరూ నీ మీద పడేవాళ్లు. అర్జీ ఎవరు రాస్తారు? మాస్టారి రాత ఆయనకే అర్థం కాదు." గిన్నె బోర్లించి నా వైపు తిరిగారు. "కోపం లేదనుకోకు. బోలెడుంది. కోప్పడే తీరికే దొరకలేదు."

మర్నాడు మాస్టారికీ చెప్పేశాను. ఆయన కళ్లజోడు తుడిచి పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని కాగితం రాసి ఆఫీసులో ఇచ్చాను. "వెనక్కి తీసుకోవడమా! అలాంటి పద్ధతుందో లేదో కనుక్కోవాలి" అన్నాడు గుమాస్తా. కనుక్కున్నాడో లేదో గానీ, శుక్రవారం పొద్దున రేకులు ఎనిమిదడుగులు లోపలికి జరిగాయి. నా కాగితం వల్లనో, బాబాయిగారు పడ్డందుకో, ఆ వైపు తవ్వకం అయిపోయిందో, అడిగితే ఎవరూ చెప్పరు. లారీలకూ కార్లకూ దారి ఇంకా మూతే, ఆటో మాత్రం వస్తోంది. మాస్టారు మన కొట్టు ముందు నుంచే వెళ్తారు, పలకరించరు.

జాకెట్లు ఇంకా పదకొండు మిగిలాయి. మానేద్దామంటే, వాటిని వేసుకునేది సూపర్‌వైజరు కాదు, గోతిలో దిగే కూలీలు. కుడుతూనే ఉన్నాను. తప్పో ఒప్పో మీరే రాయండి.

ఇవాళ పొద్దున ఆటో ఎదురింటి ముందు ఆగింది. బాబాయిగారు ఎక్కబోయి ఆగి, మెల్లగా వీధి దాటి మన కొట్లోకి వచ్చారు. పడ్డరోజు వేసుకున్న ప్యాంటు బల్ల మీద పెట్టారు. మోకాలి దగ్గర చిరిగి ఉంది.

"ఇది కుట్టిపెట్టమ్మా. బుధవారం వేసుకెళ్లాలి."

"అంతేనా బాబాయిగారూ?"

"అంతే" అని వెళ్లి ఆటో ఎక్కారు.

క్షమించారో, ఊరికే పని చెప్పారో నాకు తెలియలేదు. ఆ రంగు దారం కోసం పొద్దుట్నుంచీ డబ్బాలన్నీ తిరగేస్తున్నాను. ఉన్నవేవీ దానికి సరిగ్గా కలవడం లేదు.

ఇట్లు,
మీరేమంటారో తోచక ఎదురుచూస్తున్న
మీ ఇంటావిడ