ఎవరు తుమ్మినా సరే

టకానిని, ఆక్లాండ్

నాన్నమ్మా,

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వింటర్ గేమ్స్‌కి వెళ్లే న్యూజీలాండ్ జట్టులోకి నన్ను తీసుకున్నారు.

నీకొకటి చెప్పాలి. పోయిన నెల స్కీయింగ్ పోటీలో నేను బయల్దేరబోతుంటే కోచ్ తుమ్మాడు. నువ్వు నేర్పినట్టే మంచుమీద కూర్చుని, మంచినీళ్లు తాగి లేచాను. అప్పటికే నా టైం దాటిపోయిందని పోటీలోంచి తీసేశారు. నాన్న నిన్నేమైనా అంటాడని, కాలు బెణికిందని ఇంట్లో అబద్ధమాడాను.

ఈసారి నా పోటీకి ఇక్కణ్ణుంచి వెళ్తున్నది నేనొక్కదాన్నే. నేను కూర్చుండిపోతే ఈ చిన్న దేశం పేరే ఉండదు. అందుకని ఎవరు తుమ్మినా ఆగను.

కోప్పడకు. టీవీ ముందు చెంబుతో నీళ్లు పెట్టుకో. నేను కనపడగానే నా బదులు నువ్వో గుక్క తాగు. నువ్వు చెంబు దించేలోపు నేను కొండ దిగేస్తాను.

నీ మనవరాలు